నీటి దారులు – 9: గోదావరికి మూడు గండాలు

ధర్మసాగర్ చెరువుకు గోదావరి రెండు దారుల్లో వస్తుంది. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ నుంచి బయలుదేరే కాకతీయ కాలువ, లోయర్ మానేరు మీదుగా వాలు పట్టుకుని పారుతూ తెచ్చే నీళ్లు మొదటివి. ఏటూరునాగారం అడవుల్లో గంగారం దగ్గర పంపులతో ఎత్తి, భీంఘన్‌పూర్, పులుకుర్తి మీదుగా పైపుల్లో తోలే దేవాదుల నీళ్లు రెండోవి. వరంగల్, హన్మకొండ, కాజీపేట ఇళ్లల్లో నల్లా తిప్పితే బిందెలో పడేది ఈ గోదారే.

గంగారం దగ్గర నీళ్లు తోడే మట్టం సముద్రానికి 71 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి అంచెలంచెలుగా 540 మీటర్ల దాకా నీళ్లు ఎక్కించేలా దేవాదుల పథకాన్ని రూపొందించారు. ఆ ఎక్కుడులో ధర్మసాగర్ ఒక మజిలీ. ఇక్కడి నుంచి నీళ్లు గండిరామారం, అశ్వరావుపల్లి, తపాస్‌పల్లి వైపు ఇంకా పైకి పోతాయి.

ఇవాళ పంపులు మోగే ఆ ఏటి మీదే, నూట అరవై ఏళ్ల కిందట, పొగఓడలు నడవాలని ఒక పెద్ద పథకం మొదలైంది. నాగపూర్, బేరారు సీమల పత్తి గోదావరి మీదుగా దిగి కోరంగి, కాకినాడ రేవులకు చేరాలి. సముద్రపు ఉప్పు అదే ఏటికి ఎదురెక్కి మధ్య భారతానికి పోవాలి. ఈ రాకపోకలకు కావలసింది మూడు చోట్ల లాకులు. మూడంటే మూడే. ఆ మూడూ కట్టడం పూర్తయి ఉంటే ఓరుగల్లు సీమ బతుకుదారి ఎటు తిరిగేదో! దుమ్ముగూడెం దగ్గర ఒకదాని రాతికట్టడం నిలిచింది. మిగతా రెంటి దగ్గర పని నడిమధ్యలో ఆగింది. ఈ భాగం బండలు ఏటికి అడ్డుపడే ఆ మూడు గండాల కథ.

ముందు అసలు లాకు ఏం చేస్తుందో చూడాలి.

నీళ్లు వాలుకు పారతాయి. వాలు మీద పడవ దిగగలదు గానీ, నిట్టనిలువున పడే నీటిని ఎదిరించి ఎక్కలేదు. కాకతీయుల కాలం నుంచీ ఈ నేలకు మెట్లు మెట్లుగా నిలిచే నీళ్లు కొత్త కాదు. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది, అది నిండితే ఆ కిందిది. రామప్ప, పాకాల, లక్నవరం చుట్టుపక్కల ఊళ్లకు తూము ఎత్తి నీళ్లు వదలడం పుట్టుకతో తెలిసిన పని. లాకు చేసిందల్లా ఆ తూముకు ముందొక తలుపు, వెనకొక తలుపు పెట్టి, నడుమ పడవ పట్టేంత గది కట్టడం.

దిగువ నుంచి పడవ వచ్చింది అనుకుందాం. దిగువ తలుపులు తెరిచి ఉంటాయి, గదిలో నీళ్లు దిగువ మట్టంలో ఉంటాయి. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూస్తారు. ఎగువ తలుపులోని చిన్న తూము ఎత్తుతారు. పై కాలువ నీళ్లు సుడులు తిరుగుతూ గదిలోకి దూకుతాయి, పడవ వాటితోపాటు లేస్తుంది. అది గోడకు కొట్టుకోకుండా సరంగు ఒక వెదురు గడ ఆనించి పట్టుకుంటాడు, గట్టు మీద మరొకడు తాడు బిగిస్తూ ఉంటాడు. లోపలి నీళ్లు, పై కాలువ నీళ్లు ఒకే మట్టానికి వచ్చిన క్షణాన, అప్పటిదాకా ఏనుగుతో లాగించినా కదలని తలుపులు ఇద్దరు మనుషులు నెడితే తెరుచుకుంటాయి. యంత్రం లేదు, ఆవిరి లేదు, కరెంటు లేదు. ధాన్యంతో నిండిన పడవను నీళ్లే ఎత్తి పైమెట్టు మీద పెట్టాయి.

ఈ ఉపాయం చైనాలో పుట్టింది. 984లో సోంగ్ రాజుల కొలువులో హువాయ్‌నాన్ ప్రాంతపు రవాణా అధికారి చియావ్ వెయ్‌యూ మహాకాలువ మీద మొట్టమొదటి గది లాకు కట్టించాడు. అంతకుముందు పడవలను ఏటవాలు గట్ల మీదుగా తాళ్లతో ఈడ్చేవారు. ఆ ఈడుపులో పడవలు విరిగేవి, రాజుకు పోయే శిస్తు ధాన్యం ఒలికేది, ఆ గందరగోళం చూసుకుని దొంగలు దోచేవారు. దొంగతనం ఆపడానికి రెండు తలుపులను యాభై అంగల ఎడంలో పెట్టించాడు. సముద్రాలను కలిపే ఈనాటి లాకులన్నిటికీ అదే ముత్తవ్వ.

ఐరోపాలో 15వ శతాబ్దం చివర మిలాన్ కాలువల మీద లియొనార్డో డావిన్చీ తలుపుల పనిని తేలిక చేశాడు. పైకి లాగే బరువైన పలకకు బదులు రెండు రెక్కల తలుపు పెట్టాడు. మూసినప్పుడు ఆ రెక్కల ముక్కు ఎగువకు పొడుచుకు వస్తుంది, ఎగువ నీటి బరువు వాటిని ఒకదానికొకటి అదిమి పట్టుకుంటుంది. నీళ్లు ఎంత తోస్తే తలుపు అంత బిగుస్తుంది. ధవళేశ్వరం దగ్గరైనా, బెజవాడ దగ్గరైనా, పనామాలోనైనా పాత లాకుల తలుపులు ఈ పోకడవే.

ఇక కొలతల సంగతి. లాకు కట్టిన ఇంజనీరు ఆ కాలువ మీద నడవబోయే పడవలన్నిటికీ కొలత కట్టేస్తాడు. గది పొడవు, వెడల్పు, గడప మీద నీటి లోతు, ఈ మూడూ ఒకసారి రాతిలోనో కాంక్రీటులోనో బిగుసుకుపోయాక, తరాల తరబడి పడవలు చేసేవాళ్లంతా వాటికి లోబడాలి. దీనికి పనామాను మించిన సాక్ష్యం లేదు. అక్కడ మొదట 95 అడుగుల వెడల్పు అనుకున్నారు. 1908లో అమెరికా నౌకాదళం తన యుద్ధనౌకలు పట్టాలని అడగడంతో దాన్ని 110 అడుగులు చేశారు, అంటే 33.5 మీటర్లు. పొడవు 1,000 అడుగులు. 1914లో కాలువ తెరిచిన నాటి నుంచి నూరేళ్లపాటు ఆ దారిన పోవాలనుకున్న ఓడలన్నీ ఆ అంకెలకు తలొగ్గాయి. 32.3 మీటర్ల వెడల్పు, 294 మీటర్ల పొడవు, 12 మీటర్ల మునక దాటని ఓడలకు పనామాక్స్ అని ఒక జాతే ఏర్పడింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా కట్టిన అయోవా తరగతి యుద్ధనౌకల వెడల్పు 108 అడుగుల చిల్లర. వాటిని ఇంకాస్త వెడల్పుగా కట్టకపోవడానికి కారణం ఆ లాకు గోడలే.

2016లో పనామా కొత్త లాకులు తెరిచింది. ఒక్కో గది 427 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు, 18 మీటర్లకు పైగా లోతు. అదే ఏడాది బెల్జియంలో ఆంట్‌వెర్ప్ రేవు 500 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పుతో కీల్‌డ్రెహ్ట్ లాకు తెరిచింది. 2022లో నెదర్లాండ్స్ ఐముయిడెన్ దగ్గర 500 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు గల లాకుతో దాన్నీ దాటేసింది. చైనాలో త్రీ గోర్జెస్ ఆనకట్ట పక్కన ఓడలు ఐదు మెట్ల లాకుల్లో 113 మీటర్ల ఎత్తు ఎక్కుతాయి. మన దేశంలో ముంబయి ఇందిరా డాక్ ముఖద్వారపు లాకు 750 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు.

ఇంత చెప్పాక ఒక లెక్క వేసి చూడాలనిపిస్తుంది. పనామాలో ఓడ 26 మీటర్ల ఎత్తున్న గాతూన్ సరస్సులోకి మూడు మెట్లలో ఎక్కుతుంది, అంటే మెట్టుకు దాదాపు 9 మీటర్లు. వరంగల్ పరిసరాలు సముద్రానికి సుమారు 270 మీటర్ల ఎత్తున ఉన్నాయి. గంగారం దగ్గర గోదావరి 71. ఒక పడవను అక్కడి నుంచి లాకుల మీద ఓరుగల్లుకు తేవాలంటే పనామా మెట్ల లాంటివి ఇరవై మూడు కావాలి. ప్రతి మెట్టూ ఎక్కిన ప్రతిసారీ ఒక గదినిండా నీళ్లు కిందికి వదలాలి. తెలంగాణ పీఠభూమి మీద కాలువల్లో పడవలు ఎందుకు తిరగలేదో ఈ లెక్కే చెబుతుంది. ఇక్కడి కాలువలు పొలం కోసం, తాగునీటి కోసం పుట్టాయి. కాకతీయ కాలువ 284 కిలోమీటర్ల పొడవునా పడవ ఎక్కే లాకు కనబడదు. అందుకే ఆనాటి ఇంజనీర్లు పీఠభూమి జోలికి రాకుండా ఏటినే నమ్ముకున్నారు.

డెల్టా సంగతి వేరు. అక్కడ వాలు చాలా తక్కువ. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట ముగించాడు. లంకల మధ్య నాలుగు ముక్కలుగా, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పేర్లతో కట్టిన ఆ గోడ పని వెనక వీణం వీరన్న లాంటి తెలుగువాళ్ల నేర్పు, పది వేల మంది కూలీల చెమట ఉన్నాయి. ఆనకట్ట కథ గత భాగంలో వివరంగా వచ్చింది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒక్కటే. కాటన్ కాలువలు తవ్వేటప్పుడే వాటిని పొలానికీ పడవకూ కలిపి తవ్వాడు. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం, మధ్య డెల్టాకు బొబ్బర్లంక, పడమటి డెల్టాకు విజ్జేశ్వరం. మూడు చోట్లా నీళ్లు వదిలే తూముల పక్కనే పడవలు దిగే లాకు ఉంది. అక్కడి నుంచి కాలువ మెట్టు దిగిన చోటల్లా మరో లాకు.

కోనసీమలో లొల్ల లాకుల దగ్గర నిలబడితే ఆ ఏర్పాటంతా ఒకే చూపుకు అందుతుంది. ప్రధాన కాలువ పాయలుగా చీలే చోటు అది. ఒక పక్క నీళ్లు తలుపుల కింద నుంచి నురగలు కక్కుతూ దూకుతుంటాయి. పక్కనే రాతిగోడల నడుమ లాకు గది, దానిలో కదలని నీళ్లు. ఇప్పుడక్కడికి సినిమాలు తీసేవాళ్లు, సెలవు రోజున పిల్లలతో వచ్చేవాళ్లే ఎక్కువ. ఒకప్పుడు పడవలు వరసకట్టి తమ వంతు కోసం ఎదురుచూసిన గట్టు అది. వంతు వచ్చేదాకా పడవవాళ్లు పొయ్యి రాజేసుకుని గట్టు మీదే వండుకునేవాళ్లు. గాలి వాటంగా ఉంటే తెరచాప, లేకపోతే భుజాన తాడు వేసుకుని గట్టు వెంట నడుస్తూ పడవను లాగడం, ఇదీ వాళ్ల బతుకు. లాకు తలుపులు తీయడం, తూములు ఎత్తడం, కాలువ మట్టం చూడడం లస్కర్ల పని. ఆ పేరు ఇప్పటికీ నీటిపారుదల శాఖలో నడుస్తోంది.

కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. ఏలూరులో గోదావరి కాలువ, కృష్ణ కాలువ కలుసుకున్నాయి. దక్షిణాన దుగ్గిరాల లాకులు దాటి కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయి బకింగ్‌హామ్ కాలువను అందుకుంది. కాకినాడలో పడవెక్కిన బియ్యపు బస్తా నేల తాకకుండా మద్రాసు చేరగలిగింది. విజయవాడలో ఏలూరు లాకులు, బందరు లాకులు అని బస్సు ఆపించుకునే వాళ్లలో చాలామంది ఆ తలుపుల గుండా పడవలు పోగా చూసి ఉండరు.

డెల్టాలో ఈ గెలుపు చూశాకే కాటన్ చూపు ఎగువకు మళ్లింది. అప్పట్లో మధ్య భారతపు పత్తి బొంబాయికి బండ్ల మీద పోయేది. వానాకాలంలో నల్లరేగడి బురదలో బండ్లు వారాల తరబడి దిగబడేవి. లంబాడీల ఎడ్లమందలు తీరం నుంచి ఉప్పు మోసుకొచ్చేవి, మోత కూలే ఉప్పు ఖరీదును మించేది. ఇంగ్లండులో మిల్లులు అమెరికా పత్తి మీద బతుకుతున్నాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఆ పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్‌లో మగ్గాలు మూతపడ్డాయి. అప్పుడు దొరల కళ్లన్నీ బేరారు పత్తి మీద పడ్డాయి.

దారి కోసం చదును చేయడం అంతకుముందే మొదలైంది. లెఫ్టినెంట్ ఎఫ్.టి. హేగ్ గోదావరి మీద పడవలు నడిచే వీలు గురించి రాసిన నివేదిక 1856లో మద్రాసులో అచ్చయింది. 1860లో నిజాం అఫ్జలుద్దౌలాతో కుదిరిన ఒప్పందంలో గోదావరి ఎడమగట్టు సీమ, అంటే భద్రాచలం, సిరొంచ ప్రాంతాలు ఇంగ్లీషువారి చేతికి వెళ్లాయి. బదులుగా రాయచూరు దోఆబ్, ధారాశివ సీమలు నిజాంకు తిరిగొచ్చాయి, సురపురం అదనంగా వచ్చింది. ఒప్పందంలో ఇంకో షరతు ఉంది. గోదావరి మీద పోయే సరుకుకు నిజాం ప్రభుత్వం సుంకం వసూలు చేయకూడదు. ఆ ఒక్క షరతు చూస్తే ఒప్పందం వెనక ఓడదారి ఎంత పెద్ద లెక్కో తెలుస్తుంది. సిరొంచ ముఖ్యపట్నంగా ఎగువ గోదావరి జిల్లా అని కొత్త జిల్లా పుట్టింది. కుడిగట్టు మాత్రం నిజాందే. దుమ్ముగూడెం దగ్గర గోదావరి దాటి అవతలి ఒడ్డున అడుగు పెడితే అది నిజాం రాజ్యం, తర్వాతి కాలంలో 1953 దాకా వరంగల్ జిల్లా.

ఇప్పుడు గండాల దగ్గరికి. రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా భద్రాచలం దాకా వరద నీటిలో పడవలు ఎప్పటి నుంచో వస్తున్నాయి. భద్రాచలం దాటి కొంత దూరం పోగానే దుమ్ముగూడెం దగ్గర ఏటి అడుగు బండలతో లేచి, నీళ్లు రాళ్ల మీద విరిగిపడతాయి. అది మొదటి గండం. అక్కడి నుంచి ఏటూరునాగారం, ఇప్పటి దేవాదుల, గంగారం మీదుగా ఏరు పొడవునా దారి ఉంది. ఇంద్రావతి కలిసే చోటుకు కొంచెం దిగువన, ఇచ్చంపల్లి దగ్గర రెండో గండం. ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర మూడోది. ఆ మూడూ దాటితే వార్ధా, వైనగంగల వైపు, నాగపూర్ పత్తి చేలకు నీటి దారి తెరుచుకుంటుంది.

ఉపాయం మూడు చోట్లా ఒకటే. ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తున రాతి ఆనకట్ట కట్టి నీటిని నిలబెట్టడం. బండల్ని తప్పించుకుని ఒడ్డు వెంట పక్కకాలువ తవ్వడం. ఆ కాలువకు లాకులు పెట్టి పడవను మెట్టు మెట్టుగా ఎక్కించడం. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట లేచింది, ఎడమగట్టున కాలువా లాకూ లేచాయి. హేగ్ అక్కడే కాపురముండి పని చేయించాడు. కోయ పల్లెలు తప్ప మనిషి అలికిడి లేని అడవుల్లోకి దూరాల నుంచి ఒడ్డెర్లను, రాతిపని వాళ్లను రప్పించాల్సి వచ్చింది. తిండిగింజలు కూడా డెల్టా నుంచి పడవల మీదే పోవాలి. వాన వెలిశాక మన్యం జ్వరం మనుషుల్ని పడేసేది, ఎండాకాలం కలరా. వరదకాలమంతా పని ఆగేది. ఏడాదిలో నికరంగా రాయి పేర్చే రోజులు ఎన్నో ఉండేవి కావు. ఈ పథకాన్ని ఇంగ్లీషు దొరల ఆశ అని తేలిగ్గా పక్కన పెట్టేవాళ్లు ఆ అడవిలో రాయి మోసి అక్కడే కన్నుమూసినవాళ్లను మరచిపోతున్నారు. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

ఇంతలో బొంబాయి వైపు నుంచి ఇనపదారి పరుగెత్తుకొచ్చింది. 1865లో అమెరికాలో యుద్ధం ముగిసింది, పత్తి ధర కూలింది. 1867లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు నాగపూర్ చేరింది. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే ఏటిలో, ఒక గండం దాటి రెండో గండం దగ్గర సరుకు దించి, బండ్లకెత్తి, మళ్లీ పడవెక్కించే దారి ఎవరికి కావాలి? లాకుల వరస విషయంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది. రోడ్డు సగం పడితే సగం దూరం పనికొస్తుంది. రైలు పట్టా పడిన మేరకు బండి నడుస్తుంది, రాబడి వస్తుంది, ఆ రాబడితో ముందుకు వేయొచ్చు. లాకుల దారి అలా కాదు. మూడింటిలో చివరిది తెరిచే రోజు వరకూ మొదటి రెంటి మీద పెట్టిన రూపాయికి తగ్గ రాబడి రాదు. 1871లో ఎగువ గోదావరి పని నిలిపేశారు. ఇచ్చంపల్లి దగ్గర కట్టీకట్టని ఆనకట్ట ఏటిలో వదిలేశారు. 1874లో ఎగువ గోదావరి జిల్లాలోని భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిశాయి.

రాయలసీమలో కర్నూలు–కడప కాలువకు పట్టిన గతీ దీనికి దగ్గరిదే. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860ల్లో సుంకేసుల నుంచి 190 మైళ్లు తవ్విన ఆ కాలువను సాగుకూ పడవలకూ కలిపి వేశారు. అనుకున్న మేర సరుకు రాలేదు, కంపెనీ నిలదొక్కుకోలేదు, 1882లో సర్కారు కొనేసింది. పొలాలకు నీళ్లిచ్చే కాలువగా మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. కాటన్ మాత్రం తన మాట మీద నుంచి దిగలేదు. పదవి వదిలి ఇంగ్లండులో ఉన్న రోజుల్లోనూ, 1878లో పార్లమెంటు కమిటీ ముందూ, ఈ దేశానికి రైళ్ల కంటే నీటి దారులే చౌక అని వాదిస్తూనే వచ్చాడు. డెల్టా లెక్కలు చూస్తే ఆయన వాదన నిజం. ఎండాకాలం మోకాలి లోతుకు పడిపోయే ఎగువ గోదావరి మీద అదే లెక్క నడవదు, ఎగువన నీరు నిలవ చేసే జలాశయాలు ముందు కడితే తప్ప. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు, డబ్బిచ్చేవాళ్లకు అంత ఓపిక లేకపోయింది.

నాగపూర్ నుంచి తీరానికి కాటన్ గీసిన దారి వేరే రూపంలో పూర్తయింది. 1929 నాటికి కాజీపేట–బల్లార్షా రైలు మార్గం ముగిసి, ఉత్తరాదికీ బెజవాడకూ నేరుగా బండ్లు నడిచాయి. గోదావరి ఏటి మీదుగా పోవలసిన సరుకు ధర్మసాగర్‌కు కూతవేటు దూరంలోని కాజీపేట జంక్షన్ గుండా పోసాగింది. వరంగల్‌లో 1934లో ఆజంజాహీ మిల్లు వెలిసింది, ఏనుమాముల మార్కెట్‌కు ఇవాళ వచ్చే పత్తి బండ్ల వరస ఊరి పొలిమేర దాకా సాగుతుంది. ఓడదారి కోసం కలగన్న సరుకు చివరికి ఓరుగల్లుకే చేరింది, నీళ్ల మీద కాకుండా నేల మీద.

డెల్టా కాలువల్లో పడవలు 20వ శతాబ్దం సగం దాటేదాకా నడిచాయి. తర్వాత లారీలు వచ్చాయి. కాలువలపై వంతెనలు పడవ తెరచాప కంటే కిందుగా వేశారు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసినప్పుడు పడవలు నెలల తరబడి బురదలో కూర్చునేవి. ఇంకో తగువు మొదటి నుంచీ ఉంది. పడవ లాకు దాటిన ప్రతిసారీ గదినిండా నీళ్లు దిగువకు పోతాయి, నాట్ల వేళ రైతు ఆ నీళ్లు తన మడికి కావాలంటాడు. పనామాలోనూ ఇదే తగువు. ఒక ఓడ కాలువ దాటితే గాతూన్ సరస్సు నుంచి దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రంలో కలుస్తాయి, ఆ దేశపు ముఖ్యనగరాలు తాగేదీ ఆ సరస్సు నీళ్లే. కొత్త లాకుల్లో పక్కన తొట్లు కట్టి 60 శాతం నీళ్లు తిరిగి వాడుకుంటున్నా, 2023లో వానలు మొహం చాటేసినప్పుడు రోజుకు 36 ఓడలు దాటే చోట ఆ ఏడాది చివరికి 22కు కుదించక తప్పలేదు.

2008లో కేంద్రం కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, భద్రాచలం–రాజమండ్రి గోదావరిని, వజీరాబాద్–విజయవాడ కృష్ణను కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. మొత్తం 1,078 కిలోమీటర్లు. అందులో గోదావరి వాటా 171, అది భద్రాచలం దగ్గర, మొదటి గండానికి కాస్త దిగువనే ఆగింది. పోలవరం ఆనకట్ట నమూనాలో ఎడమ పక్కన సొరంగంతో సహా లాకుల దారి చేర్చారు. 2016 చట్టం ఆ జలమార్గాన్ని గోదావరి మీద నాసిక్ దాకా పొడిగించి 2,890 కిలోమీటర్లు చేసింది, వైనగంగ–ప్రాణహితను విడిగా ఇంకో జాతీయ జలమార్గం చేసింది. హేగ్ కొలిచిన దారి ఇప్పుడు చట్టంలో ఉంది. దుమ్ముగూడెం పాత ఆనకట్ట పరిసరాల్లో సీతమ్మసాగర్ తలపెట్టారు, తుపాకులగూడెం దగ్గర దేవాదుల పంపులకు నీళ్లు నిలపడానికి 59 గేట్ల సమ్మక్క ఆనకట్ట వచ్చింది. వాటి పని పొలం కోసం, తాగునీటి కోసం. ఇచ్చంపల్లి దగ్గరా, దేవలమర్రి దగ్గరా 1871లో ఆగిన ఓడదారి పని మళ్లీ మొదలు కాలేదు.

వచ్చే భాగంలో: 1877 కరువులో గంజి కోసం కొంత భాగం తవ్విన బకింగ్‌హామ్ కాలువ, దాని మీద మద్రాసుకు పోయిన శ్రీహరికోట సరుగుడు కట్టెలు.